కోటు విప్పు, కోటు తొడుక్కో

పోయిన నెల సెలవుల్లో పిల్లలతో కూర్చుని చూడదగ్గ సినిమాల గురించి రాస్తూ 2010లో వచ్చిన ‘ది కరాటే కిడ్’ పేరు ఒక్క లైనులో చెప్పి వదిలేశాను. ఆ ఒక్క లైనుకే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి కాబట్టి ఈ నెల ప్రశ్నలన్నీ దాని మీదే.

అన్నా, మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. 1984 నాటి పాత ‘కరాటే కిడ్’ ముందు ఈ రీమేక్ పనికిరాదని మా నాన్న. జేడెన్ స్మిత్, జాకీ చాన్‌లదే బాగుందని నేను. మీరే తేల్చండి. – ఇంటర్ విద్యార్థి, చిత్తూరు

తమ్ముడూ, ముందు మీ నాన్న వైపు మాట్లాడనివ్వు. పాత సినిమా తీసింది ‘రాకీ’ డైరెక్టర్ జాన్ జి. అవిల్డ్‌సెన్. గురువు మియాగీగా వేసిన పాట్ మొరీటా అప్పటిదాకా కామెడీ నటుడిగానే జనానికి తెలుసు, ఈ వేషంతో ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కుర్రాడి చేత కార్లు తుడిపించి, కంచెకు రంగు వేయించి, వాడు విసుగెత్తి తిరగబడ్డాక ఇదే కరాటే అని చూపించడం ఆ సినిమాది. కొత్తది ఆ అప్పు మీదే నడిచింది, అందులో దాపరికం లేదు.

కానీ కొత్తది ఒక్క మార్పు చేసింది, నాకు అదే ముఖ్యం. పాత సినిమాలో హైస్కూల్ కుర్రాడిగా వేసిన రాల్ఫ్ మాకియోకు సినిమా విడుదలయ్యే నాటికి 22 ఏళ్లు. కొత్తదాంట్లో అమ్మతో అమెరికా నుంచి చైనా వచ్చిన పిల్లాడిగా వేసిన జేడెన్‌కు నిజంగానే 11. వయసు సగానికి తగ్గేసరికి కథ మొత్తం వేరే అయిపోయింది. 22 ఏళ్లవాడు దెబ్బ తింటే ఎప్పుడు తిరిగి కొడతాడా అని చూస్తాం, 11 ఏళ్లవాడు దెబ్బలు తిని కంటి కింద నలుపు అమ్మకు కనబడకుండా టోపీ కిందికి లాక్కుంటుంటే మనకు కడుపులో దేవినట్టవుతుంది, వాడు కొట్టకపోయినా ఫర్వాలేదు, ఎవరైనా పెద్దవాళ్లు వచ్చి అడ్డం నిలబడితే చాలనిపిస్తుంది. అడ్డం నిలబడేది గురువు హాన్‌గా వేసిన జాకీ చాన్. ఆ సీన్ మళ్లీ ఒకసారి చూడు. ఆరుగురు పిల్లలు మీద పడితే ఆయన తానుగా ఒక్కరినీ కొట్టడు. తప్పుకుంటాడు, చెయ్యి పట్టి మళ్లిస్తాడు, వాళ్ల దెబ్బలు వాళ్లకే తగిలేలా చూస్తాడు. ఎదుట ఉన్నది పిల్లలని ఆయనకు గుర్తుంది.

ఇక కోటు సీన్. ఇంటికి రాగానే కోటు విప్పి నేల మీద పడేసే పిల్లాడు, తీసి తగిలించరా అని అమ్మ మొత్తుకున్నా వినడు. హాన్ గారు వాడికి మొదటి పాఠంగా అదే పెట్టాడు. మేకుకు తగిలించు. తియ్యి. తొడుక్కో. విప్పు. కింద పడెయ్యి. ఎత్తు. మళ్లీ తగిలించు. రోజుల తరబడి ఇదే. చివరికి వాడు నా వల్ల కాదని వెళ్లిపోబోతే పిలిచి, కోటు లేకుండానే అవే కదలికలు చేయించి, మీదికి గుద్దులు విసురుతాడు, వాడి చేతులు వాటంతట అవే అడ్డుకుంటాయి. అప్పుడు ఆ పిల్లాడి ముఖం చూడు, తన చేతులు తనవేనా అన్నట్టు వాటి వైపు చూసుకుంటాడు. కారు తుడవడం గురువుగారి పని, కోటు తగిలించడం అమ్మ చెప్పిన పని. రీమేక్ పాతదాన్ని దాటింది ఇక్కడే అని నా అభిప్రాయం, మీ నాన్న ఒప్పుకోకపోయినా నేను మార్చుకోను.

మిగతా విషయాల్లో ఆయనకే ఓటు. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమాలో చైనా గోడ, పాత రాజమహల్ చూపించడానికే చాలా సమయం పోయింది.

నేర్పేది కుంగ్ ఫూ, పేరేమో కరాటే. ఇది ప్రేక్షకుల్ని మోసం చేయడం కాదా? – డిగ్రీ విద్యార్థిని, చంద్రగిరి

పాత పేరుకున్న మార్కెట్ కోసం పెట్టుకున్నారమ్మా, వేరే కారణం వెతకనక్కర్లేదు. చైనాలో మాత్రం ‘కుంగ్ ఫూ కల’ అనే అర్థం వచ్చే పేరుతోనే విడుదల చేశారు. అయితే ఈ రెండు విద్యలూ మరీ దూరపు చుట్టాలు కావు. కరాటే పుట్టింది ఒకినావా దీవుల్లో, దాని వెనక దక్షిణ చైనా నుంచి వచ్చిన విద్య ఉంది. మొదట్లో ‘కరాటే’ అని రాసే అక్షరాలకు అర్థమే ‘చైనా చెయ్యి’, 1930ల్లో దాన్ని ‘ఖాళీ చెయ్యి’ అనే అర్థం వచ్చే అక్షరంతో మార్చుకున్నారు. కుంగ్ ఫూ అన్న మాటకు కూడా అసలు అర్థం ఫైటింగ్ కాదు, చాలా కాలం కష్టపడి సాధించిన నేర్పు అని. ఆ లెక్కన మన కలంకారీ పనివాళ్ల చేతిలో ఉన్నదీ కుంగ్ ఫూనే, శ్రీకాళహస్తి వెళ్లి ఒక గంట వాళ్ల పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

జేడెన్ వాళ్ల నాన్న, హాలీవుడ్ స్టార్ విల్ స్మిత్. అలాంటి నాన్న డబ్బు పెడితే ఎవడైనా హీరోనే కదా సార్? – ప్రైవేటు ఉద్యోగి, రేణిగుంట

నిర్మాతల్లో వాళ్ల అమ్మానాన్నలు ఉన్న మాట నిజం, అవకాశం అలాగే వచ్చింది. కానీ డబ్బు పెడితే కాలు తల పైకి లేవదు కదండీ. జాకీ చాన్ స్టంట్ టీమ్ మనిషి వూ గాంగ్ దగ్గర ఆ పిల్లాడు సాధన చేశాడు, అది తెర మీద కనబడుతుంది. సుమారు 4 కోట్ల డాలర్లతో తీసిన సినిమా 35 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసిందంటే అంత జనం ఇంటి పేరు చూసి రాలేదు.

జాకీ చాన్‌ను పెట్టుకుని ఒకే ఒక్క ఫైటా? – ఆటో డ్రైవర్, పుత్తూరు

ఆయన కారు బద్దలు కొట్టే సీన్ గుర్తు తెచ్చుకోండన్నా. భార్యనూ కొడుకునూ పోగొట్టుకున్న ప్రమాదంలో బండి నడిపింది తనే, ఆ కారును ఏడాదంతా బాగుచేసి అదే రోజున మళ్లీ పగలగొట్టుకుంటాడు. ఆ పిల్లాడు మాటలేమీ చెప్పడు, సాధన చేసే కర్రలు అందించి ఆయన్ను లేపి బయటికి తీసుకొస్తాడు. నాకు అది పది ఫైట్ల పెట్టు.

అన్నా, ఈ సినిమా చూసి మా పదేళ్ల బాబు కరాటే క్లాసులో చేరాడు. మూడు నెలలైంది, మాస్టర్ గుంజీళ్లు, గాల్లో గుద్దులు, కింద పడటం తప్ప ఏమీ నేర్పడం లేదు. ఇంకోచోట ఏడాదిలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అంటున్నారు. మార్చమంటారా? – ఒక అమ్మ, బైరాగిపట్టెడ, తిరుపతి

మార్చకమ్మా, దయచేసి మార్చకు. కింద పడటం నేర్పుతున్నాడంటే ఆ మాస్టర్‌కు నీ బిడ్డ తలా, మణికట్టూ ముఖ్యమని అర్థం. పద్ధతిగా నేర్పేచోట బ్లాక్ బెల్ట్‌కు ఏళ్లు పడుతుంది, ఏడాదిలో ఇస్తామనేవాళ్లు అమ్మేది బెల్టు గుడ్డ మాత్రమే.

నా సంగతి చెప్తాను. నాకు పదకొండేళ్లప్పుడు చేరినచోట రెండో నెలలోనే వార్షికోత్సవమని మా చేత పెంకులు పగలగొట్టించారు. నా పెంకు పగల్లేదు. జనం ముందు మళ్లీ కొట్టమన్నారు, మళ్లీ కొట్టాను. మణికట్టు వాచి నెలన్నర పెన్ను పట్టుకోలేకపోయాను, పరీక్షలు పోయాయి. ఇంట్లో అడిగితే సైకిల్ మీంచి పడ్డానని చెప్పాను. మాస్టర్ తప్పు అని నాకు తట్టనే లేదు, నా చేతిలోనే బలం లేదనుకున్నాను.

అందుకే ఈ సినిమాలో నాకు విలన్లుగా కనబడేది కొట్టే పిల్లలు కాదు. జాలి వద్దు, ఆ పిల్లాడి కాలు విరగ్గొట్టు అని రింగ్ పక్కన నిలబడి చెప్పే పెద్దమనిషి. ఆ మాట విన్న కుర్రాడి కళ్లల్లో భయం చూశావా, వాడికి కొట్టాలని లేదు, కాదనే ధైర్యమూ లేదు. చివర్లో ఆ పిల్లలే సొంత గురువును వదిలి వచ్చి హాన్ ముందు తల వంచుతారు.

కాబట్టి రేపు క్లాసుకు వెళ్లి ఒక మూల కూర్చో. ఓడిన పిల్లాడితో మాస్టర్ ఎలా మాట్లాడుతున్నాడో చూడు, నొప్పి అన్న పిల్లను పక్కన కూర్చోబెడుతున్నాడా లేదా చూడు. ఆ రెండూ బాగుంటే ఫీజు కట్టేసి వచ్చెయ్.

తెలుగులో మళ్లీ తీస్తే ఎవరు చేయాలి? – టీచర్, పలమనేరు

పేరున్న పిల్లలెవరూ వద్దండీ. నిజంగా పదకొండేళ్లవాడు కావాలి, ఇరవై ఏళ్ల కుర్రాడికి గడ్డం గీయించి స్కూల్ యూనిఫాం తొడిగితే నేను టికెట్ కొనను. ఇంగ్లీషులో అమ్మకు కార్ల ఫ్యాక్టరీలో బదిలీ అయి డెట్రాయిట్ నుంచి బీజింగ్ వస్తారు కదా, మన దగ్గర శ్రీసిటీలో ఉద్యోగమొచ్చి శ్రీకాకుళం నుంచి తల్లీకొడుకులు ఇటు వచ్చారనుకోండి. వాడి యాస వినగానే క్లాసంతా నవ్వుతుంది, ఆ నవ్వులోంచే మొదటి దెబ్బ పడుతుంది. గురువు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి వాచ్‌మన్, ఒంటరి మనిషి, సంగటి తనే వండుకుంటాడు. మొదటి రోజు పిల్లాడి చేతికి కట్టె ఇచ్చి, కుండను కాళ్ల మధ్య ఇరికించి, ఒక్క ఉండ లేకుండా గెలకమంటాడు. వాడు అంతకుముందు సంగటి ముఖం కూడా చూసి ఉండడు. భుజాలు పీక్కుపోతాయి, ఉండలు పోవు. ఆయన రుచి చూసి, తలుపు వైపు చూపించి, రేపు రా అంటాడు.