జూన్ 19న సెలవేంటి?

ప్రశ్న: మా తమ్ముడు షిప్‌లో పనిచేస్తాడండి, ట్రినిడాడ్ పోర్టు నుంచి ఫోన్ చేసి ఇవాళ ఇక్కడ లేబర్ డే, అంతా బంద్ అన్నాడు. మేడే అయిపోయి నెలన్నర దాటింది కదా?
– ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: వాళ్లకి మేడే కన్నా ఇదే పెద్దదండి. 1937 జూన్ 19న ఆయిల్ బావుల కార్మికులు జీతాలు చాలక సమ్మెకి దిగారు, ఫైజాబాద్ అనే ఊళ్లో (అవును, మన యూపీ ఫైజాబాద్ పేరే, కూలీలుగా వెళ్లినవాళ్లు పట్టుకెళ్లిందే) వాళ్ల లీడర్ యురయా బట్లర్ మీటింగ్‌లో మాట్లాడుతుంటే పోలీసులు వారెంటుతో వచ్చారు, జనం పట్టుకోనివ్వలేదు, గొడవ ముదిరి చార్లీ కింగ్ అనే పోలీసుని తగలబెట్టేశారు, అది మాత్రం ఘోరమే. తర్వాత సమ్మె, గొడవలు దీవంతా పాకాయి. అదే ఏడాది ఆయిల్ కార్మికుల యూనియన్ పుట్టింది, దాని మొదటి ప్రెసిడెంట్ రియెంజీ అసలు పేరు కృష్ణ దేవనారాయణ్! 1973 నుంచి సెలవు. ఇప్పటికీ ఆ రోజు యూనియన్లన్నీ ఫైజాబాద్‌లోనే ర్యాలీ చేస్తాయి.