కనపడే డబ్బు, చేతికొచ్చే డబ్బు

ప్రొద్దుటూరు

చిరంజీవి చిన్నోనికి,

పెద్దనాయన దీవెనలు. మొబైల్ అంగట్లో పని మానేసి చీనీ (బత్తాయి) తోటల యూట్యూబ్ చానెల్ మీదనే బతుకుతానన్నావని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. చెప్తా చెప్తా ఏడ్చింది. ఏడుస్తానే మళ్లీ "వాని వీడియో చూసి తాడిపత్రి నుంచి ఎవరో రైతు ఫోన్ చేసినాడంట బావా" అని మురిసిపోయింది. వేరుకుళ్లు మీద నువ్వు చేసిన వీడియో నేనూ రెండుసార్లు చూసినా. మీ నాయన ఉండుంటే ఊరంతా చూపించేవాడు.

కానీ మీ అమ్మకు నువ్వు చెప్పిన ఒక మాట నాకు నిద్ర పట్టనీయలేదు. "జనవరిలో 42 డాలర్లు కనపడతాంది, ఉద్యోగం లేకపోయినా జరుగుతుంది" అన్నావంట. కనపడతాంది అన్నావు చూడు, అక్కడ ఆగు.

వీడియోలు ఎట్లా తీయాలో నాకంటే నీకే బాగా తెలుసు. కాలర్ మైకు ఒకటి కొను, తోటలో గాలి మోత తగ్గుతుంది. ఇంకొకరి పాట వాడొద్దు. అంతే, ఆ సంగతి అయిపోయింది. నేను చెప్పేదంతా డబ్బు వచ్చే దారి గురించి.

యూట్యూబ్ వాళ్లు రోజూ ఎందుకివ్వరు, నెలకొకసారే ఎందుకిస్తారు అని మీ అమ్మతో విసుక్కున్నావంట. అనంతపురం యార్డులో చీనీ అమ్మిన ఇంట్లో పుట్టినోడివి, నీకు ఇది వేరేగా చెప్పాల్నా? కాయ దించిన రోజే ధర చెప్తారు. సూట్ (తూకంలో తరుగు) తీసి, కూలి తీసి, కమిషన్ తీసి మిగిలింది చేతికొచ్చేసరికి లెక్క వేరేగా ఉంటుంది. తెరమీద నువ్వు చూసే 42 డాలర్లు దించిన కాయలాంటిది. దాని పేరే అంచనా ఆదాయం.

ఆ నెలరోజుల్లో ఏం జరుగుతుందో విను. ప్రకటన ఇచ్చే కంపెనీల్లో చిన్నవి కార్డుతో కడతాయి. పెద్దవాటికి నెలకొక బిల్లు పోతుంది, ఆ బిల్లు కట్టడానికి 30 రోజుల గడువు ఉంటుంది. అంటే నీ వీడియో ముందు వచ్చిన ప్రకటన డబ్బు యూట్యూబ్ నడిపే గూగుల్‌కే ఇంకా చేరి ఉండకపోవచ్చు. ఇంకొకటి, ఆ చూపులూ క్లిక్కులూ నిజమైన మనుషులవా, యంత్రాలవా అని జల్లెడ పడతారు. కొన్ని దొంగ క్లిక్కులు అప్పుడే దొరుకుతాయి, కొన్ని నెలాఖరున మొత్తం కలిపి చూస్తే తప్ప బయటపడవు. దొరికినవాటి డబ్బు ప్రకటనదారునికి తిరిగి ఇస్తారు. ముందే నీకు ఇచ్చేసి ఉంటే అనంతపురం వచ్చి నీ దగ్గర వసూలు చేసుకుంటారా? ఆ పైన ప్రతి పంపకానికీ బ్యాంకు ఖర్చు, పన్ను లెక్క, పుస్తకం మూయడం. ముప్పై సార్లు డాలరున్నర చొప్పున పంపేదానికంటే ఒకసారి పంపడం చవక.

ఇందులో వాళ్ల లాభం లేదా అంటే ఉంది. వంద డాలర్లు దాటితేనే పంపుతారు, కాబట్టి దాటని లక్షల ఖాతాల సొమ్ము వాళ్ల దగ్గరే పడి ఉంటుంది. దానికి నీకేమీ వడ్డీ రాదు. అది నాకూ నచ్చదు. అయినా అది మోసం కాదు.

గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే. డబ్బు వెనక్కి పోయే దారి మూసుకున్నాకే అది మన చేతికొస్తుంది. భోజనం మోసుకుపోయే పిల్లోళ్లకు వారానికే డబ్బులెందుకిస్తారు? తిన్నోడు ముందే కట్టేసినాడు, తిన్న అన్నం వాపసు రాదు. అమెజాన్ లింకులు పెడతానన్నావు కదా, స్ప్రేయర్లూ డ్రిప్ సామాన్లూ. అక్కడ ఇంకా ఆలస్యం. ఏ నెల కమిషనైనా ఆ నెల ముగిసినాక దాదాపు 60 రోజులకిస్తారు, ఎందుకంటే కొన్నోడు వాపసు చేస్తే నీ కమిషనూ పోతుంది. చేరిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు కాకపోతే ఆ ఖాతా కూడా మూసేస్తారు.

ఇప్పుడు నీ 42 సంగతి. జనవరి లెక్క ఫిబ్రవరి 7 నుంచి 12 లోపల ఖరారై యూట్యూబ్ యాడ్‌సెన్స్‌లో, అంటే ప్రకటనల డబ్బు జమయ్యే గూగుల్ ఖాతాలో పడుతుంది. 42 ఉండొచ్చు, 39 కావచ్చు. 100 దాటలేదు కాబట్టి అక్కడే ఉంటుంది. ఫిబ్రవరిలో 35, మార్చిలో 38 అనుకో. మొత్తం 115. అది ఏప్రిల్ రెండో వారంలో ఖరారై, 21 నుంచి 26 లోపల బయలుదేరి, బ్యాంకుకు చేరడానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది. జనవరి ఒకటో తేదీ కష్టానికి కూలి ఏప్రిల్ నెలాఖరున! నెలనెలా 100 దాటినా సరే, నెల మొదట్లో చేసిన పనికి 50 రోజుల పైనే ఆగాలి. సైటు కూడా పెడితే దాని యాడ్‌సెన్స్ వేరు, యూట్యూబ్‌ది వేరు. రెండూ కలవవు, చెరొక వంద దాటాలి. దసరా దీపావళికి ప్రకటనల రేట్లు పెరుగుతాయి, జనవరిలో పడిపోతాయి. మే నెల దాకా అంగడి పని వదలొద్దు. కనీసం సగం పూటైనా చేస్తానని యజమానిని అడుగు.

మీ అన్న సంగతి రాయకూడదనుకున్నా, కానీ రాయకపోతే ఈ ఉత్తరం దండగ. వాడు పరీక్షా ఫలితాల సైటు నడిపినప్పుడు నువ్వు ఇంటర్ చదువుతున్నావు. నీకు చెప్పిందల్లా "సైటు పోయింది" అని. ఎట్లా పోయిందో ఎవరూ చెప్పలేదు.

ఫలితాలు వచ్చిన వారం వాని సైటు మీదికి జనం విరగబడినారు. నెలాఖరుకు తెరమీద 640 డాలర్లు. ఆ అంకె ఫోటో తీసి అందరికీ పంపినాడు. మరుసటి రోజే 50 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ల్యాప్‌టాప్ కొన్నాడు, డబ్బు వస్తానే కట్టేస్తానని. నెలకు వెయ్యి వడ్డీ. మొదటి తప్పు అది, కానీ పెద్ద తప్పు కాదు. రెండోది ఇంకో రకం. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో "నా సైటు ఓపెన్ చేసి ప్రకటన మీద ఒకసారి నొక్కండిరా, సాయం చేయండి" అని పెట్టినాడు. ఇరవైమంది సాయం చేసినారు. రోజూ చేసినారు. పాపం, ప్రేమతోనే చేసినారు. అదే ఊరు, అవే ఫోన్లు, అదే పేజీ, నొక్కిన రెండు సెకన్లకే వెనక్కి. యంత్రానికి ప్రేమేంది, దొంగతనమేంది, రెండూ ఒక్కలాగే కనపడతాయి.

లెక్క ఖరారైనప్పుడు 640లో సగానికి పైగా కోసేసినారు. అప్పుడైనా ఆగి ఉంటే బయటపడేవాడు. కోత పూడ్చుకోవాలని మళ్లీ గ్రూపులో అడిగినాడు. 18వ తేదీన ఖాతా మూసినట్లు మెయిల్ వచ్చింది, డబ్బు బయలుదేరడానికి మూడు రోజుల ముందు. మిగిలినది కూడా ప్రకటనదారులకే పోయింది. అప్పీలు పెట్టుకోవడానికి ఒక ఫారం ఉంటుంది, దాంట్లో వాడు "నాకేమీ తెలియదు" అని రాసినాడు. నిజం రాసి ఉంటే ఏమైనా జరిగేదేమో. వడ్డీ పద్నాలుగు నెలలు నడిచింది. ల్యాప్‌టాప్ ఇప్పటికీ ఇంట్లో ఉంది. తాకట్టు పెట్టిన మీ వదిన గాజులు రావడానికి ఇంకో సంవత్సరం పట్టింది.

వాన్ని తిట్టడానికి రాయలేదురా ఇది. వాడు కష్టపడే పిల్లోడు. వానికి ఆ నెలరోజుల గడువు ఎందుకుందో ఎవరూ చెప్పలేదు, అంతే. నేను రాసినానని వానితో అనొద్దు.

నీ వీడియో నువ్వు పెట్టిన ఫోన్లోనే పదేపదే తిప్పొద్దు. "యాడ్ స్కిప్ చేయొద్దు" అని రైతులను అడగొద్దు. అమ్మకు కూడా చెప్పు, ఆమె మురిపెంతో రోజుకు పదిసార్లు చూస్తాంది.

పిన్ సంగతి. 10 డాలర్లు దాటితే నీ చిరునామా నిజమేనా అని చూసుకోవడానికి ఆరంకెల పిన్ మామూలు పోస్టులో ఇంటికి వస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు నెలల్లో ఎక్కించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. చిరునామా ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్‌తో రాయి. "రామాలయం వెనక" అని రాస్తే మీ పోస్టుమ్యాన్‌కు తెలుస్తుందేమో, సెలవులో ఉంటే? ముందే పోయి ఆయన్ను కలిసి నీ నంబరిచ్చి రా.

బ్యాంకు దగ్గర పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాన్‌లో ఇంకోటి. డబ్బు పోయే పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్లే ఉండాలి, లేకుంటే వెనక్కి పోతుంది. విదేశీ డబ్బు రావడానికి కావాల్సిన స్విఫ్ట్ కోడ్ చిన్న బ్రాంచీలకు ఉండదు. మేనేజరును అడిగి, విదేశీ డబ్బు ఏ బ్రాంచి ద్వారా తీసుకుంటారో ఆ కోడ్ రాయించుకో. 8 గానీ 11 గానీ అక్షరాలుంటాయి. ఇది ఐఎఫ్ఎస్‌సీ కాదు. ఏ మార్పు చేసినా 20వ తేదీ లోపలే.

అమెరికా పన్ను ఫారం, డబ్ల్యూ-8బెన్, ఇవాళే నింపు. నింపకపోతే మొత్తం ఆదాయంలో 24 శాతం దాకా కోయొచ్చు. పాన్ నంబరిచ్చి మన దేశానికీ అమెరికాకూ ఉన్న పన్ను ఒప్పందం కింద అడిగితే అమెరికాలో చూసినవాళ్ల ద్వారా వచ్చినదాని మీద 15 శాతమే. చీనీ తోట వీడియోలు అమెరికాలో ఎంతమంది చూస్తారు? అక్కడ కోసింది కూడా మన రిటర్నులో చూపించి తగ్గించుకోవచ్చు.

చివరికి, నాకు అసలు భయం ఏందంటే, ఈ నాలుగు నెలల ఆలస్యానికి నువ్వు విసిగిపోయిన రోజు టెలిగ్రామ్‌లో ఎవడో వస్తాడు. వీడియోలకు లైక్ కొడితే రోజుకింత, ఇప్పుడే యూపీఐకి పంపుతాం అంటాడు. నిజంగానే 150 పంపుతాడు. రెండో రోజు ఇంకొంచెం. మూడో రోజు "ప్రీపెయిడ్ టాస్క్, వెయ్యి కట్టు, పదమూడు వందలిస్తాం" అంటాడు. నీ లైక్‌కు డబ్బిచ్చే ప్రకటనదారుడు ఎవడూ లేడు, జల్లెడ పట్టేదీ లేదు, అందుకే రోజూ ఇవ్వగలుగుతాడు. అది నీ డబ్బే, లేకుంటే ఇంకో అమాయకునిది. "నీ ఖాతా వాడుకుంటాం, కమిషనిస్తాం" అన్నా పొరపాటున ఇవ్వొద్దు. దొంగ సొమ్ము నీ ఖాతాలో నుంచి పోతే బ్యాంకు ఖాతానే స్తంభింపజేస్తుంది, పోలీసులు ముందు నీ గడపకే వస్తారు. డబ్బు పోయిందని తెలిసిన గంటలోనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయి. సిగ్గుపడి మూడు రోజులు దాచిపెట్టొద్దు. మీ అన్న దాచిపెట్టినాడు.

పాస్‌బుక్ మొదటి పేజీ, పాన్ కార్డు రెండూ ఫోటో తీసి పంపు, పేర్లు సరిపోతున్నాయో చూసి చెప్తా. ఆదివారం మీ అమ్మను తీసుకొని రా. కాయలు సంచి మోసుకురావొద్దు, పోయినసారివే ఇంకా ఉన్నాయి.

మీ పెద్దనాయన