అద్దె విమానం ప్రొపెల్లర్ నేలకు తగిలింది: ఎవరికి చెప్పాలి, ఎవరు కట్టాలి?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాను, ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది. ఫ్లయింగ్ స్కూల్లో అద్దెకు తీసుకున్న సెస్నా 172 దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరి ముక్కు చక్రం మీద పడింది. ప్రొపెల్లర్ రన్‌వేకి తగిలి వంగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తప్పు నాదేనని రాసివ్వమని స్కూల్ వాళ్లు అడుగుతున్నారు. ఇవ్వాలా?

జవాబు: ఇవ్వకండి. తేదీ, రన్‌వే, గాలి, ఏమేం దెబ్బతిన్నాయి, అంతవరకే రాయండి. బీమా కంపెనీని అడగకుండా బాధ్యత ఒప్పుకోకూడదనే షరతు ఇలాంటి పాలసీల్లో సాధారణంగా ఉంటుంది. మీకు పాలసీ ఉంటే ఆ కంపెనీకి మాత్రం ఈ రోజే తెలియజేయండి.

తర్వాత ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే లోహపు గోడ) ముడతపడిందేమో మెకానిక్‌తో చూపించి, ఆయన చెప్పింది కాగితం మీద తీసుకోండి. మీ వ్యవహారమంతా దీన్నిబట్టే ఉంటుంది. నేలకు తగిలి ప్రొపెల్లర్ వంగడం, టైర్లు, ల్యాండింగ్ గేర్, రెక్క చివరలు దెబ్బతినడం ఎన్‌టీఎస్‌బీ (ప్రమాదాలను విచారించే అమెరికా ప్రభుత్వ సంస్థ) నిబంధనల్లో ‘గణనీయ నష్టం’ కిందికి రావు. ఫైర్‌వాల్‌కి పెద్ద రిపేరు పడితే అది ‘యాక్సిడెంట్’ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఎన్‌టీఎస్‌బీకి వెంటనే చెప్పాలి, 10 రోజుల్లో 6120.1 ఫారం ఇవ్వాలి, వాళ్లు వదిలేదాకా విమానాన్ని, రికార్డులను కాపాడాలి. స్కూల్ చెప్పేసిందని ఊరుకోకండి, రుజువు అడగండి.

యాక్సిడెంట్ కాదని తేలితే 10 రోజుల్లోపే నాసా వారి ఏఎస్‌ఆర్‌ఎస్ (విమాన భద్రతా సంఘటనలను స్వచ్ఛందంగా తెలిపే పద్ధతి) రిపోర్టు పంపి, రసీదు దాచుకోండి. కావాలని చేయని ఉల్లంఘనకు లైసెన్సు సస్పెన్షన్ తప్పించే రక్షణ అది. యాక్సిడెంట్లకు ఆ రక్షణ లేదు, అందుకే ఫైర్‌వాల్ సంగతి ముందు తేల్చుకోమన్నాను. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్ అడిగితే లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్ చూపించాల్సిందే. వివరణ మాత్రం లాయరు చూశాకే రాసివ్వండి. మళ్లీ పరీక్షకు రమ్మనవచ్చు, ఇన్‌స్ట్రక్టర్‌తో ల్యాండింగులు సాధన చేసి వెళ్లండి.

ఇక డబ్బు. ప్రొపెల్లర్ మార్చడంతో అయిపోదు. లైకమింగ్ ఇంజిన్ అయితే క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు) గేర్ తనిఖీ ఎఫ్‌ఏఏ ఆదేశం 2004-10-14 ప్రకారం తప్పనిసరి, బిల్లు పెరిగేది అక్కడే. స్కూల్ బీమా కంపెనీ ముందు స్కూల్‌కి చెల్లించి, తర్వాత ఆ సొమ్ము మీ నుంచి రాబట్టుకోవచ్చు. డిడక్టిబుల్ (బీమా ఇవ్వకుండా స్కూల్ సొంతంగా భరించే మొదటి భాగం), విమానం ఆగిన రోజుల అద్దె కూడా అడగవచ్చు. అద్దె ఒప్పందంలో ఈ మూడింటికీ ఏం రాశారో చూడండి.

మీకు రెంటర్స్ పాలసీ (అద్దె విమానం నడిపేవాళ్లు తీసుకునే బీమా) ఉంటే, అద్దె విమానానికి జరిగే నష్టం కవరేజీ విడిగా ఉందా, ఎంతకు ఉందో చూడండి. చాలామంది ఇతరులకు జరిగే నష్టానికి మాత్రమే కొని, విమానానికీ వర్తిస్తుందనుకుంటారు. రిపేరు బిల్లుతోపాటు ఇంజిన్ గంటల లెక్క కూడా అడగండి. అరుగుదల వల్ల మార్చే భాగాల ఖర్చు మీరు భరించాల్సిన పని లేదని రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.