శాన్‌ఫ్రాన్సిస్కో బేలో పిల్లలతో తిరగడానికి పాత కాటలినా 30 కొనొచ్చా?

ఇద్దరు పిల్లలతో వీకెండ్ సెయిలింగ్‌కి పాత కాటలినా 30 అనే తెరచాప పడవ చూస్తున్నాం, బేలో మధ్యాహ్నం గాలికి ఆగుతుందా అని అడిగారు. ఇద్దరు స్నేహితులతో కలిసి ఆరేళ్లు ఆ పడవ నడిపాను. ధైర్యంగా కొనండి. కాకపోతే తెరచాప ఎప్పుడు తగ్గించాలో ముందు నేర్చుకోండి.

1970లలో ఫ్రాంక్ బట్లర్ రూపొందించిన పడవ ఇది. పొడవు 30 అడుగులకు అంగుళం తక్కువ, వెడల్పు మాత్రం దాదాపు 11 అడుగులు. లోపల ఆరడుగుల మనిషి నిటారుగా నిలబడతాడు, ఆ వెడల్పు వల్లే ఐదుగురం టేబుల్ చుట్టూ కూర్చుని తినేవాళ్లం. మొత్తం బరువు సుమారు 10,200 పౌండ్లయితే అందులో 4,200 అడుగున కీల్‌లోనే, అంటే పడవ కింద నీళ్లలోకి దిగే బరువైన రెక్కలోనే ఉంటుంది. కొద్దిపాటి గాలికి చటుక్కున ఒరగదు.

ఆ వెడల్పుతోనే ఒక చిక్కుంది, గట్టి గాలికి బాగా ఒరిగితే చుక్కాని మాట వినదు. ఎండాకాలం కాలిఫోర్నియా లోపలి లోయ వేడెక్కి సముద్రపు చల్లగాలిని బే ముఖద్వారమైన గోల్డెన్ గేట్ గుండా లాగుతుంది. మధ్యాహ్నానికి 20, 25 నాట్ల (గంటకి సుమారు 37-46 కి.మీ.) గాలి మామూలే. ఒక జులైలో అల్కట్రాజ్ దీవి దాటాక కూడా మెయిన్‌సెయిల్ (పెద్ద తెరచాప) పూర్తిగా ఎత్తే ఉంచాను. పడవ బాగా ఒరిగింది. చుక్కాని తిప్పే చక్రం చివరిదాకా తిప్పినా వినకుండా గాలికి ఎదురు తిరిగిపోయింది. లోపల పులిహోర డబ్బా జారి నేలంతా అన్నం. మా పాప నా చొక్కా పట్టుకుని వదల్లేదు. తప్పు నాదే. రీఫ్ కట్టి, అంటే పెద్ద తెరచాపని కొంత మడిచి కట్టి, జిబ్ (ముందు తెరచాప) కొంచెం చుట్టేశాక పడవ లేచి నిలబడింది, చక్రం రెండు వేళ్లతో తిరిగింది. వేగం మాత్రం అంతే ఉంది! ఒరిగిన పడవ తెరచాప ఎక్కువున్నా ముందుకు పోదు, చుక్కానితో కుస్తీ పడుతుంది.

కీల్ నీళ్లలోకి 5 అడుగుల 3 అంగుళాలు దిగేది తీసుకోండి. కింద రెండువైపులా రెక్కలుండే పొట్టి కీల్ లోతులేని చోట్లకి మంచిదే గానీ గాలికి ఎదురెక్కడంలో వెనకబడుతుంది. బాగా పాతదైతే నీళ్లలోంచి పైకి తీయించి, కీల్ పడవకి అతికే చోట ముందువైపు చీలిక ఉందేమో పడవలు తనిఖీ చేసే సర్వేయర్‌తో చూపించుకోండి. పెట్రోల్ ఇంజనైతే స్టార్ట్ చేసేముందు నాలుగైదు నిమిషాలు బ్లోయర్ (పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) వెయ్యడం అస్సలు మర్చిపోకండి.

మొదటి ట్రిప్ ఏంజెల్ ఐలాండ్‌కి పెట్టుకోండి. పొద్దున్నే బయల్దేరండి, ఒక రీఫ్ మెరీనాలోనే కట్టేసుకోండి.