బిళ్ళగన్నేరు మీద మనసుపడిన అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. మా పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. హార్మోన్లతో మందు మొక్కల్లో మందు పెంచవచ్చట, అదే చదువుతానంటోంది. నీట్ లాంగ్‌టర్మ్ వద్దంటోంది. ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, పాప చెప్పింది నిజమే. మన ఇళ్ల ముందు పూసే బిళ్ళగన్నేరునే చూడండి. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ దాని ఆకులోదే. అదే ఆకులో ఉండే విన్‌బ్లాస్టిన్ ఒక్క గ్రాము తీయాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. అంత తక్కువ ఉంటుంది కాబట్టే హార్మోన్ల మీద ఇంత పరిశోధన.

పురుగు కొరికితే మొక్కలో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోన్ పుడుతుంది. ఆ కబురు అందగానే రక్షణ పదార్థాలు తయారుచేసే జన్యువులు పనిలోకి దిగుతాయి. మనకు మందులయ్యేవి చాలావరకు అవే. జాజిపూల నూనెలో ఉండే మిథైల్ జాస్మోనేట్‌ను కొద్దిగా ఇస్తే, పురుగు లేకుండానే మొక్కకు ఆ కబురు చేరుతుంది. యూ అనే చెట్టు నుంచి ల్యాబ్‌లో పెంచిన కణాల్లో పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందును ఇలాగే పెంచగలిగారు.

అయితే హార్మోన్ అంటే ఎరువు కాదని పాపకు గట్టిగా చెప్పండి. మోతాదు మించితే ఎదుగుదల కుంటుపడుతుంది. ఆకులో మందు శాతం పెరిగినా ఆకే తగ్గిపోతే ఏం లాభం? ఆక్సిన్ అనే ఇంకో హార్మోన్ అయితే బిళ్ళగన్నేరు కణాల్లో ఆల్కలాయిడ్లను, అంటే విన్‌క్రిస్టిన్ లాంటి మందు పదార్థాలను, తగ్గిస్తుంది కూడా. ఏ మొక్కకు, ఏ వయసులో, ఎంత అన్నది తేల్చడమే ఇక్కడ అసలు పని. అది తేలేది ఆకులో ఏ పదార్థం ఎంతుందో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ వంటి యంత్రాల మీద కొలిస్తేనే.

అందుకే కెమిస్ట్రీ వదలకూడదు. బీఎస్సీలో బోటనీ లేదా బయోటెక్నాలజీతో పాటు కెమిస్ట్రీ కూడా ఉండేలా తీసుకోమనండి. తర్వాత ఎమ్మెస్సీకి మీ జిల్లాలోనే కాకుటూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష బాగా రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ వెళ్లొచ్చు. ఎమ్మెస్సీ తర్వాత రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదట్లో నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. మందు మొక్కల పరిశోధనకే సీమ్యాప్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, దాని కేంద్రం ఒకటి హైదరాబాద్‌లోనూ ఉంది.

దాచకుండా చెప్తున్నాను, ఇది నిదానమైన దారి. డిగ్రీతో కలిపి ఎమ్మెస్సీ పూర్తవడానికే ఐదేళ్లు పడుతుంది. అంతకాలం ఆగలేని ఇల్లయితే ఈఏపీసెట్ రాసి బీఫార్మసీ చేయడం మంచిది. నాలుగేళ్లకు మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలకు ప్రయత్నించొచ్చు, మొక్కల మందుల మీద ఎంఫార్మసీ కూడా చేయొచ్చు.

పాపకు మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో ఎన్ని మార్కులొచ్చాయో, ఇంట్లో ఎన్నేళ్లు ఆగగలరో రాయండి. రెండిట్లో ఏదన్నది అప్పుడు చెప్తాను.