‘మీ సౌకర్యం కోసమే’ అని నిబంధన మారిస్తే ఒప్పుకోవాల్సిందేనా?

ప్రశ్న: మాది గుంటూరు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ బెళ్లందూరులో ఉద్యోగం చేస్తున్నాను. పది నెలల క్రితం ఒక జిమ్‌లో రెండేళ్లకు రూ.28,800 ఒకేసారి కట్టాను. నగరంలో ఏ బ్రాంచికైనా వెళ్లొచ్చని, ఊరెళితే ఏడాదికి 60 రోజుల దాకా మెంబర్‌షిప్ ఆపుకోవచ్చని చెప్పారు. పోయిన నెల ‘మీ అనుభవాన్ని మరింత మెరుగుపరిచేందుకు’ అంటూ మెయిల్ వచ్చింది. ఇకపై ఒక్క బ్రాంచే. వేరేచోటికి వెళితే రోజుకు రూ.150. ఆపుకునే రోజులు 15కి తగ్గాయి. అడిగితే, ‘ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది, మీరు ఐ అగ్రీ నొక్కారు కదా సార్’ అంటున్నారు. తగాదా వస్తే గురుగ్రామ్‌లోనే తేల్చుకోవాలని కూడా రాసి ఉంది. నేనేం చేయాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ముందు ఆ మెయిల్‌ను జాగ్రత్త చేయండి. మీకు అదే పెద్ద సాక్ష్యం.

ఇలాంటి ఉత్తరం ఎవరు తెచ్చినా నేను మొదట వెతికేది ఒక్క వాక్యం: ‘పాత పద్ధతే కావాలనుకునేవారు అందులోనే కొనసాగవచ్చు’. నిజంగా మన మేలు కోరిన మార్పయితే ఆ మాట రాయడానికి వాళ్లకు పోయేదేమీ లేదు. మీ మెయిల్‌లో అది లేదు. పైగా ఉన్నవి తీసేసి, అంతకుముందు లేని రుసుము పెట్టి, దానికి ‘మెరుగు’ అని పేరు పెట్టారు. సేవ తగ్గించడం ఒక తప్పు, తగ్గించినదాన్ని పెంచినట్టు చెప్పడం ఇంకో తప్పు. ఫిర్యాదులో ఈ రెండూ విడివిడిగా రాయండి.

కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 62 ప్రకారం పాత ఒప్పందం స్థానంలో కొత్తది రావాలంటే ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. మౌనం అర్ధాంగీకారం అనేది పెళ్లి సంబంధాల్లో నడుస్తుందేమో, ఇక్కడ నడవదు. కాకపోతే మీరు కిమ్మనకుండా రోజుకు రూ.150 కట్టుకుంటూ పోతే, నడవడికతోనే ఒప్పుకున్నారని వాళ్ల లాయరు వాదిస్తాడు. అందుకే ఈ రోజే మెయిల్‌లో రాయండి: ‘ఈ మార్పుకు నేను అంగీకరించడం లేదు. డబ్బు కట్టినప్పటి షరతులే అమలు చేయండి.’ తప్పనిసరై రూ.150 కట్టాల్సి వస్తే, అభ్యంతరంతోనే కడుతున్నానని ప్రతిసారీ ఒక ముక్క రాసి పంపండి.

ఇక ‘ఐ అగ్రీ’ సంగతి. గురుగ్రామ్‌లో ఫ్లాట్ బుక్ చేసుకున్న ఒక కొనుగోలుదారు కేసులో (పయనీర్ అర్బన్, 2019) సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. బిల్డరు రాసుకున్న కాగితంపై సంతకం పెట్టడం తప్ప వేరే దారి లేనప్పుడు, అందులోని ఏకపక్ష షరతులకు కొనుగోలుదారు కట్టుబడనక్కర్లేదని, అలాంటి షరతులు పెట్టడం అనుచిత వ్యాపార పద్ధతేనని చెప్పింది. మీరు నొక్కిన బటనుకూ ఆ సంతకానికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘అన్యాయమైన ఒప్పందం’ అనే నిర్వచనం, సెక్షన్ 2(46), ఉంది. అది చదివి ఉత్సాహంగా ఆ పేరుతోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తారు. కానీ ఆ పేరుతో వచ్చే ఫిర్యాదులు వినే అధికారం రాష్ట్ర కమిషన్ నుంచే మొదలవుతుంది. రూ.28,800 కోసం అంత దూరం అక్కర్లేదు. ‘సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి’ అని రాసి జిల్లా కమిషన్‌కే వెళ్లండి. మీరు కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు (నా వృత్తికి ఇది మంచి ప్రచారం కాదనుకోండి). ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి చూడండి, కొన్ని అక్కడే తెగుతాయి.

పాత షరతులు అమలు చేయాలని, లేదంటే మిగిలిన 14 నెలలకు నెలకు రూ.1,200 చొప్పున రూ.16,800 తిరిగివ్వాలని, దానిపై పరిహారం, ఖర్చులు ఇప్పించాలని అడగండి. రసీదు, సేల్స్ అబ్బాయి ‘అన్ని బ్రాంచీలూ సార్’ అని పంపిన వాట్సాప్ మెసేజ్ లాంటిది ఉంటే అది, పాత ప్రకటన స్క్రీన్‌షాట్ జతచేయండి. వెబ్‌సైట్లో ఇప్పుడు కొత్త షరతులే కనిపిస్తాయి కాబట్టి పాతవాటి కాపీ మీ దగ్గర ఉండటం ముఖ్యం.

ఒకటి ఒప్పుకోవాలి. ఇదే మార్పు మీ రెండేళ్లు పూర్తయ్యాక, రెన్యువల్ సమయంలో పెట్టి ఉంటే మీకు కేసు లేదు. ఇష్టమైతే కడతాం, లేదంటే మానేస్తాం. క్రెడిట్ కార్డుల విషయంలో రిజర్వ్ బ్యాంకు 2022లోనే చార్జీల మార్పుకు కనీసం నెల ముందు నోటీసు ఉండాలంది. మార్పు నచ్చక కార్డు వదులుకుంటే, బాకీ తీర్చాక అదనపు రుసుము లేకుండా మూసేయాలనీ చెప్పింది. జిమ్ములకు అలా అడిగే నియంత్రణ సంస్థ లేదు, అందుకే ఈ తిప్పలు.

గురుగ్రామ్ షరతు గురించి టెన్షన్ వద్దు. అదే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోట లేదా పనిచేసే చోట ఫిర్యాదు వేయొచ్చు. బెంగళూరులో వేస్తే ఇంగ్లిష్‌లో రాసివ్వొచ్చు. రేపు వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ ఇంటికి వెళ్లి స్థిరపడితే గుంటూరు జిల్లా కమిషన్‌లోనూ వేసుకోవచ్చు. మార్పు అమలైన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది.