ఫొటో ట్యాగ్: ‘పక్షి’ అనాలా, ‘పక్షులు’ అనాలా?

ఫొటోలకు తెలుగులో ట్యాగ్‌లు (తర్వాత వెతికితే దొరికేలా తగిలించే మాటలు) పెట్టేటప్పుడు ఏకవచనం మేలా, బహువచనం మేలా అని అడిగారు. నా ఓటు ఏకవచనానికే. ముందు రెండూ కలిపి వాడి, చేతులు కాల్చుకున్నాక చెబుతున్న మాట ఇది.

ఫొటోలో ఒక పిట్ట ఉంటే ‘పక్షి’, నాలుగైదు ఉంటే ‘పక్షులు’ అని పెట్టుకుంటూ పోయాను. ఓ రోజు ఒక ఫొటో దగ్గర ఆగిపోయాను. కొమ్మ మీద పెద్ద పిట్ట ఒకటి, దూరంగా ఆకాశంలో చుక్కల్లా మరో మూడు. దీన్నేమనాలి? అప్పటికి ఏదో ఒకటి పెట్టేశాను. కొన్ని నెలల తర్వాత అదే ఫొటో కావాల్సొచ్చి ‘పక్షి’ అని వెతికితే రాలేదు. పొరపాటున డిలీట్ చేశానేమోనని ఆ పూటంతా టెన్షన్. తీరా చూస్తే ‘పక్షులు’ కింద ఉంది.

ఇంగ్లీషు ట్యాగ్‌లకు ఈ బాధ తక్కువ. ‘ట్రీస్’ అన్న మాటలో ‘ట్రీ’ మొత్తం ఉంటుంది కాబట్టి మాటలో కొంత భాగం కొట్టినా పట్టుకునే సెర్చ్‌లో రెండూ దొరుకుతాయి. తెలుగులో ‘ఆవు’, ‘ఆవులు’ లాంటివాటికి ఫరవాలేదు గానీ చెట్టు చెట్లవుతుంది, పుస్తకం పుస్తకాలవుతుంది. మాట చివరే మారిపోతుంది. మనకు ఒకటే మాట, కంప్యూటర్‌కు రెండు. పైగా బహువచనానికి స్పెల్లింగ్ కూడా స్థిరంగా ఉండదు. ‘ఇల్లు’ అని ఒక్కలా రాసే నేనే ‘ఇళ్ళు’ అని కొన్నిటికి, ‘ఇళ్లు’ అని కొన్నిటికి పెట్టాను. ‘ఇండ్లు’ అనేవాళ్లూ ఉన్నారు.

లైబ్రరీల పద్ధతి వేరని ఎవరైనా అనొచ్చు, నిజమే. విషయాలకు పేర్లు ఎలా పెట్టాలో చెప్పే 2005 నాటి అమెరికన్ ప్రమాణం జడ్39.19 ప్రకారం ‘ఎన్ని?’ అని అడగగలిగేవాటికి బహువచనం, ‘ఎంత?’ అని అడిగేవాటికి ఏకవచనం. ఇంగ్లీషుకు చక్కగా కుదిరే పరీక్షే. కానీ మనం పాలను కూడా ‘ఎన్ని పాలు?’ అనే అడుగుతాం కదా! వికీపీడియాకు ఫొటోలు అందించే వికీమీడియా కామన్స్‌ సైట్‌లో వర్గాల పేర్లు కూడా ఎక్కువగా బహువచనంలోనే ఉంటాయి. అక్కడ అది సబబే. వర్గమంటే డబ్బా, డబ్బా మీద ‘పుస్తకాలు’ అనే రాస్తాం. ట్యాగ్ మాత్రం ఒక్కో బొమ్మకు అతికించే చీటీ, ‘ఇందులో ఏముంది?’ అన్నదానికి జవాబు. వస్తువుల్ని గుర్తుపట్టడం కంప్యూటర్లకు నేర్పే కోకో డేటాసెట్‌లోనూ 80 రకాల పేర్లలో దాదాపు అన్నీ ఏకవచనాలే. ఇంగ్లీషులో ఎప్పుడూ బహువచనంగా ఉండే కత్తెర (సిజర్స్) లాంటివి ఒకటి రెండే తేడా. మనకూ అలాంటివి ఉన్నాయి. పాలు, నీళ్లు ఎలా అంటామో అలాగే ఉంచేయండి, రూలు కోసం మాటను విరగ్గొట్టొద్దు.

ఎన్ని ఉన్నాయో కూడా ముఖ్యమైతే దానికి వేరే ట్యాగ్ పెట్టండి. నేను ‘పక్షి’తో పాటు అవసరమైనచోట ‘గుంపు’ అని చేరుస్తాను. మీ సాఫ్ట్‌వేర్‌లో పర్యాయపదాలు పెట్టుకునే వీలుంటే (లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఉంది) బహువచనాన్ని అక్కడ రాసుకోవచ్చు.

ఇప్పటికే కలగాపులగం అయిపోయి ఉంటే ముందు బ్యాకప్ తీసుకోండి. ‘పక్షులు’ అని ఉన్న ఫొటోలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి, ‘పక్షి’ చేర్చి, ఆ తర్వాతే ‘పక్షులు’ తీసేయండి. నేను తొందరపడి ముందే తీసేసి, ఏవి పక్షులో మళ్లీ కళ్లతో ఏరుకున్నాను. ఇంకోటి, మార్పులు సాఫ్ట్‌వేర్ తన దగ్గర ఉంచుకునే జాబితాలోనే (కేటలాగ్) ఉండిపోకుండా ఫైళ్లలోకి కూడా సేవ్ అయ్యాయో లేదో చూసుకోండి. లేకపోతే అవే ఫొటోలు వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు పాత ‘పక్షులు’ మళ్లీ వచ్చి వాలతాయి.